లేచి సాక్ష్యం చెప్పండి

కెనడాలోని సార్నియాలో చదువుకోడానికి దిగిన తెలుగు పిల్లలకి ఎవరైనా మొదట ఇచ్చే ఫోన్ నంబరు బాలకుమారిది. జ్వరమొస్తే ఆంటీ, చెవిపోటొస్తే ఆంటీ, గోంగూర ఎక్కడ దొరుకుతుందో తెలియకపోయినా ఆంటీయే. ఓ రెండు మూడేళ్ళలో కాలేజీ పుణ్యమా అని ఊరంతా మన పిల్లలతో నిండిపోయింది. బస్సులు మాత్రం ఎన్ని ఉండేవో అన్నే ఉన్నాయి. డాక్టర్లయితే ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. దాంతో బాలకుమారి పాత వ్యాను సగం రోజులు అంబులెన్సు పని చేసేది.

బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా సగం జీవితం గడిపిన మనిషి ఆమె. కెనడాలో ఆ చదువు చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలన్నారు. "నా చేతుల్లో పుట్టినోళ్ళకి పిల్లలు పుట్టారు, ఇప్పుడు నాకు పరీక్షలేంటి?" అని విసుక్కుని, వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే ఉద్యోగంలో కుదురుకుంది. భర్త ఎలియాజరుది ఓ కెమికల్ ప్లాంటు గోడౌనులో పని. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ బేస్‌మెంటులో ప్రార్థన కూటం జరిగేది. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, చివర్లో కోడికూర. కొందరు కూర కోసమే వస్తారని ఎలియాజరుకి తెలుసు. "ముందు కూరకి రానియ్యి కుమారీ, వాక్యం ఎక్కడికి పోద్ది" అనేవాడు.

అలాంటి ఎలియాజరుకి కడుపునొప్పి పట్టుకుంది. పొట్ట పైభాగంలో మొదలై వెన్నులోకి పాకే నొప్పి. అపాయింట్‌మెంటు అక్కర్లేని వాకిన్ క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు కొత్తవాడు, యాసిడిటీ మాత్ర మాత్రం పాతదే. ఎమర్జెన్సీలో పగలంతా కుర్చీలో కూర్చోబెట్టి, మీ ఫ్యామిలీ డాక్టరుకి చూపించుకోండి అని పంపించేశారు. అలాంటి డాక్టరుంటే ఇక్కడిదాకా ఎందుకొస్తాం అని బాలకుమారికి ఒళ్ళు మండింది. ఆమెకి కావలసింది ఒక్క మనిషి. నొప్పి సంగతి మొదటినుంచి విని, స్కాన్ రాసి, రిపోర్టు వచ్చాక మళ్ళీ పిలిచే మనిషి. డాక్టరే కానక్కర్లేదు, నర్స్ ప్రాక్టిషనర్ అయినా చాలు. ఇక్కడ వాళ్ళు టెస్టులూ రాస్తారు, మందులూ రాస్తారు.

మధ్యాహ్నం బ్రేకులో వ్యానులో కూర్చుని, ఒడిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని ఫోన్లు చేసేది. ఒకచోట పిల్లల్నే చూస్తారట. ఒకచోట పెద్దవాళ్ళని చూస్తారు గానీ ప్రభుత్వం వైద్యానికి ఇచ్చిన ఓహిప్ కార్డు చెల్లదట, చేతి డబ్బు పెట్టుకోవాలట. పోనీ అలాగే చూపిద్దామంటే ఎలియాజరు వినలేదు. "కార్డుండగా కొనుక్కోవడమేంటి కుమారీ, మన వరస వస్తుందిలే" అన్నాడు. చివరికి ఓ క్లినిక్ దొరికింది. పెద్దవాళ్ళని చూసే నర్స్ ప్రాక్టిషనర్లు, ఓహిప్ కార్డు తీసుకుంటారు. వంతు వచ్చినప్పుడు ఫోన్ చేస్తామన్నారు. ఆయన పేరు ముందు రాయండి, నాది తర్వాతైనా ఫర్వాలేదు అని బతిమాలి మరీ చెప్పింది.

వంతు రావడానికి ముందు వసంతం వచ్చింది. ఓ ఆదివారం కూటంలో పిల్లలంతా ఎలియాజరు చుట్టూ చేరి, భుజాల మీద చేతులు వేసి ప్రార్థన చేశారు. నర్సరావుపేట నుంచి వచ్చిన టీనా అనే పిల్ల ఉపవాసం కూడా ఉంది. ఆ వారంలోనే నొప్పి తగ్గింది. ఎలియాజరు చాన్నాళ్ళకి కూర మారు వడ్డించుకున్నాడు. బాలకుమారి వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

మేలు పొందినవాడు పదిమందిలో సాక్ష్యం చెప్పకపోతే ఆ మేలు నిలవదని ఆమె అమ్మమ్మ అనేది, అమ్మ అనేది. ఆసుపత్రిలో మందులిచ్చే చేతులతోనే బాలకుమారి ఆ మాటనూ పట్టుకుని బతికింది. ఎలియాజరే కాస్త వెనకాడాడు.

"ఇంకో నెల చూద్దాం కుమారీ. మళ్ళీ వస్తే?"

"అలా అనుకుంటేనే వస్తదండీ. సిగ్గెందుకు? లేచి సాక్ష్యం చెప్పండి."

ఆయన లేచాడు. నా ప్రభువు నన్ను స్వస్థపరిచాడు అన్నాడు. పెద్దగా మాటకారి కాదు, అంతే చెప్పి కూర్చున్నాడు. ఫీజులకీ చలికీ బెదిరి ఇంటికి తిరిగి వెళ్ళిపోదామనుకుంటున్న టీనా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంక వెళ్ళను ఆంటీ, దేవుడు ఇక్కడా ఉన్నాడు అంది. ఆ రోజు బాలకుమారి ముఖం చూసి తీరాలి. పెళ్ళినాడు కూడా ఆమె భర్తని చూసి అంత గర్వపడలేదు.

వేసవిలో ఓ సాయంత్రం బాలకుమారి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే ఎలియాజరు ఎదురొచ్చాడు.

"క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారు కుమారీ. నాకు బాగైపోయింది, ఆ చోటు అవసరమున్నోళ్ళకి ఇవ్వండని చెప్పాను. పాపం ఫోన్ చేసిన అమ్మాయి గొంతు దిగులుగా ఉంది. ఆమె కోసం ఫోన్లోనే, వచ్చిన ఇంగ్లీషులో ప్రార్థన చేశాను."

బాలకుమారి చేతిలో బూటు చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, ఒక్కసారి చూపించుకుంటే పోయేది కదండీ."

"పదిమందిలో బాగైందని చెప్పి, ఇప్పుడు కడుపు చూడండని పోతే ఆ పిల్లల మొహం ఎట్టా చూడను? నువ్వే కదా చెప్పమన్నావు."

నిందగా అనలేదు, సంతోషంగానే అన్నాడు. ఆ సంతోషాన్ని చెడగొట్టలేక ఆమె బూట్లు పక్కన పెట్టి వంటగదిలోకి వెళ్ళింది. రేపు నేనే మళ్ళీ ఫోన్ చేస్తాను అనుకుంది. తెల్లారాక, చేస్తే నమ్మకం లేనట్టు కాదూ అనుకుంది. ఆ రేపు రానేలేదు.

ఆకులు రాలే వేళకి ఆయన చొక్కా కాలర్లు వదులయ్యాయి. అడిగితే ఉపవాసాలన్నాడు. నిద్రలో వెన్ను పట్టుకుని ముడుచుకుంటే చలి అన్నాడు. మంచు కురిసిన ఓ ఉదయం కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటుంటే, ఆ తెల్లటి వెలుగులో బాలకుమారి ఆయన కళ్ళు చూసింది. పసుపుపచ్చగా ఉన్నాయి. ఆసుపత్రిలో అలాంటి కళ్ళు ఎన్ని చూసిందని. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఎమర్జెన్సీలో ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. స్కాన్ వెంటనే తీశారు. క్లోమంలో క్యాన్సరు గడ్డ, లివరుకి పాకింది, చేయడానికి పెద్దగా ఏమీ లేదన్నారు. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేదని ఓ డాక్టరు మంచిగానే అన్నాడు. ఆ మంచి మాట ఆమెని కోసేసింది.

ఎలియాజరు చావుకి భయపడలేదు. ఆయన బాధంతా ఒక్కటే. మందుల మత్తులోంచి తేరుకున్నప్పుడల్లా, "కుమారీ, పిల్లలకి ఏం చెప్తావు?" అనేవాడు. ఆమె పెదాలు తడిపి, దుప్పటి సర్దేది. మంచు కరగకముందే ఆయన వెళ్ళిపోయాడు.

పిల్లలు ఆమెని ఏమీ అడగలేదు. అదే ఆమెకి మరీ కష్టమైంది. ఆదివారాలు వస్తూనే ఉన్నారు, వంట వాళ్ళే చేస్తున్నారు. పాటలు ఉన్నాయి, వాక్యం ఉంది. సాక్ష్యాల వేళ మాత్రం అందరూ తలలు దించుకుని కూర్చునేవారు. బాలకుమారి వ్యాను నడపడం మానేసింది. తాళాలు టీనాకి ఇచ్చేసింది.

అప్పుడొచ్చింది క్లినిక్ నుంచి ఫోన్. ఈసారి ఆమె వంతు. వద్దనబోయింది. పక్కనే ఉన్న టీనా ఫోన్ అందుకుని వస్తారని చెప్పేసింది.

కౌంటరులో అమ్మాయి ఓహిప్ కార్డు తీసుకుని, కంప్యూటరులో అడ్రసు చూసి ముఖం విప్పార్చుకుంది. "మీ ఇంటాయనే కదూ, నాకోసం ఫోన్లో ప్రార్థన చేసింది? ఆ రోజు నాకు చాలా చెడ్డ రోజు. ఆ మాటలు నేను మరిచిపోలేదు. ఎలా ఉన్నారు ఆయన?" అని ఇంగ్లీషులో అడిగింది.

టీనా గబుక్కున ఆంటీ వైపు చూసింది. బాలకుమారి కౌంటరు అంచు పట్టుకుంది.

"బాగున్నారు" అంది. ఆయన సాక్ష్యాన్ని అక్కడ, ఆ నవ్వుముఖం ముందు, తన నోటితో కూల్చలేకపోయింది.

టీనాని వెంటబెట్టుకునే లోపలికి వెళ్ళింది. నర్స్ ప్రాక్టిషనర్ నడివయసు ఆడమనిషి. తొందర లేకుండా కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎలా ఉన్నారు, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగింది. దేవుని కృపవల్ల బాగున్నాను అనే మాట బాలకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ప్రశ్నకి ఆమె ఇచ్చిన జవాబు అదొక్కటే. అది అక్కడే ఆగిపోయింది. ఇంగ్లీషు కూడా ఎటో పోయింది.

"నేను బాగాలేనమ్మా" అంది తెలుగులో. "ఆయన ఇంకో నెల చూద్దామన్నారు. నేనే వినలేదు. నేనే ఆయన్ని లేపి సాక్ష్యం చెప్పించాను. ఆ మాట నిలబెట్టుకోడానికే ఆయన ఇక్కడికి రాలేదు."

ఆ మనిషికి అర్థం కాక టీనా వైపు చూసింది. టీనా మొదటి మాట ఇంగ్లీషులో చెప్పింది. కళ్ళు తుడుచుకుంటూ బాలకుమారి వైపు తిరిగింది.

"మిగతాది కూడా చెప్పమంటారా ఆంటీ?"

"చెప్పమ్మా" అంది బాలకుమారి. "ఇక్కడ చెప్పు. ఆదివారం వాళ్ళందరికీ నేను చెప్తాను."