ఉమామహేశ్వరం ఇంటికి చప్పుడు లేని కంప్యూటర్

ఉమామహేశ్వరానికి భయపడటం కొత్త. యాభై మూడేళ్లు వచ్చేదాకా అతను పాముకీ భయపడలేదు, వరదకీ భయపడలేదు, జీతమిచ్చే యజమానికైతే అసలే భయపడలేదు. నిరుడు కార్తీకంలో మొదలైంది. మొదలయ్యాక మాత్రం, ఆలస్యంగా బడిలో చేరిన పిల్లాడిలా, తెల్లారిన దగ్గర్నుంచి శ్రద్ధగా భయపడటం నేర్చుకున్నాడు.

అతని పనేమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఆ భయం ఎవరికీ అర్థం కాదు. దరియాలతిప్ప ఊరు దాటాక శ్రీరామచంద్రమూర్తి గారి రొయ్యల చెరువులు నాలుగున్నాయి. గట్టు మీదే రెండు గదుల రేకుల ఇల్లు. అందులో ఉమామహేశ్వరం, అతని కూతురు సాయిదివ్య ఉంటారు. భార్య పోయి ఆరేళ్లయింది. చెరువుకి నాలుగు చొప్పున నీళ్లు చిలికే ఏరియేటర్లు, మా వాళ్లు ఫ్యాన్లంటారు, రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. అవి తిరిగితేనే నీళ్లలో గాలి. కరెంటు పోతే ఆగిపోతాయి. పావుగంటలో జనరేటర్ వెయ్యకపోతే రొయ్యకి ఊపిరాడదు. గంట దాటితే చెరువు చెరువంతా తెల్లగా పైకి తేలుతుంది. నాలుగు నెలల కష్టం, లక్షల మేత, అన్నీ ఆ గంటలో పోతాయి. కాబట్టి చెరువు కాపలా అంటే కర్ర పట్టుకుని తిరగడం కాదు. వినడం.

పంతొమ్మిదేళ్లు అతను వింటూనే బతికాడు. అన్నం తింటూ తింటూ ముద్ద నోటి దగ్గరే ఆపి, "మూడో చెరువులో తూర్పు ఫ్యాను బేరింగు పోతంది" అనేవాడు. వెళ్లి చూస్తే అది నిజంగానే పోతూ ఉండేది. శ్రీరామచంద్రమూర్తి గారు పెళ్లి భోజనాల్లో కూడా ఈ సంగతి చెప్పుకునేవారు. తన చెరువులకి కెమెరాలు దేనికని, ఉమామహేశ్వరం చెవులుండగా అని. జీతం ఆ చెవులకే. ఇల్లు ఇచ్చిందీ వాటికే.

ఆ చెవులు పోతున్నాయి. కాకినాడలో ఎవరికీ తెలియకుండా చూపించుకున్నాడు. డాక్టరు చెప్పినదాంట్లో దాపరికమేమీ లేదు. అన్నేళ్లు జనరేటర్ షెడ్డులో నిలబడ్డ చెవులు అలాగే అవుతాయట. సన్నటి శబ్దాలు ముందు పోతాయట. చెవిలో మిషను పెట్టుకోమన్నాడు. ఉమామహేశ్వరం ఆ చీటీని బస్సు కిటికీలోంచి పారేశాడు. చెవిలో మిషను పెట్టుకున్నవాడికి చెరువు ఎవడు అప్పజెప్తాడు? చెరువు పోతే ఇల్లు పోతుంది. ఇరవై ఏళ్ల ఆడపిల్లని తీసుకుని ఎక్కడికి వెళ్లాలి? ఇదే అతని భయం, ఇంతకు మించి ఏమీ లేదు, ఇది చాలదా మనిషిని తినేయడానికి.

అప్పట్నించి అతను కళ్లతో వినడం మొదలుపెట్టాడు. చెరువుకి వీపు పెట్టి కూర్చోవడం మానేశాడు. గుమ్మానికి ఎదురుగా కూర్చుని తినేవాడు, మాట్లాడేవాళ్ల పెదాలు చూసి జవాబిచ్చేవాడు. ఫిబ్రవరిలో ఒక మిట్టమధ్యాహ్నం వల బాగుచేసుకుంటూ తల వంచుకున్నాడు. ఫ్యాన్లు ఆగాయి. దివ్య పరుగెత్తుకొచ్చి భుజం పట్టి కుదిపితే గానీ తెలియలేదు. పరుగున వెళ్లి జనరేటర్ వేశాడు. ఇంట్లోకి రాగానే, "ఈ కూలరు మోతలో ఏం వినపడుద్ది" అని ఎయిర్ కూలర్ని బయట పడేశాడు. తరవాతి నెల మళ్లీ అలాగే అయితే ఆ పాపం టీవీ మోసింది, అదీ బయటికి పోయింది. రేకుల ఇంట్లో ఎండాకాలం కూలరు లేకుండా ఉడికిపోయినా ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా అతన్ని భయపెట్టింది.

జూన్‌లో దివ్య డిగ్రీ పరీక్షలయ్యాయి. ఒకరోజు తండ్రిని కంచం ముందు కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి చెప్పింది.

"నాన్నా, గేములాడుకునే కంప్యూటర్ ఒకటి కొనుక్కుంటాను. పెళ్లి వీడియోల ఎడిటింగ్ కూడా దాంట్లోనే చేసుకోవచ్చు. ఫొటో స్టూడియో వాళ్లిచ్చిన డబ్బులు యాభై ఐదు వేలున్నాయి. నిన్నేం అడగను."

ఉమామహేశ్వరం ఆ స్టూడియోలో అలాంటి కంప్యూటర్ని చూశాడు. చెవులు బాగున్న రోజుల్లోనే విన్నాడు కూడా. బియ్యం మిల్లులా మోగేది.

"కొనుక్కో. కానీ చప్పుడు రాకూడదు. నా చెవులకి అడ్డం వచ్చిందంటే గోదాట్లో పారేస్తాను."

అనేసి లోపల్లోపల నిమ్మళించాడు. చప్పుడు లేని గేమింగ్ కంప్యూటర్ ఎక్కడా దొరకదు. దొరక్క మానుకుంటే సరే. మోగేదే తెచ్చుకుంటే మరీ మంచిది, ఇంక జీవితాంతం నెపం వెతుక్కోనక్కర్లేదు. దివ్య మాత్రం "సరే నాన్నా, చప్పుడు లేనిదే చేయిద్దాం" అని మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. 

ఫరంపేటలో జేవియర్ కంప్యూటర్ల కొట్టు ఉంది. నలభై ఏళ్ల మనిషి, ముక్కుమీద కోపం. కంప్యూటర్ పెట్టెలో రంగుల లైట్లు కావాలని వచ్చేవాళ్లని, "లైట్లు కావాలంటే చవితి పందిరికి ఎల్లండి" అని పంపేస్తాడు. దివ్య వెళ్లి తన దగ్గరున్న డబ్బెంతో, తనకి కావలసిన నిశ్శబ్దమెంతో చెప్పగానే ఆయన మొహం విప్పారింది. పదిహేనేళ్లలో ఈ మాట అడిగింది నువ్వొక్కదానివేనమ్మా అన్నాడు. ఉమామహేశ్వరం కూడా వెంట వెళ్లాడు. కూతురికి తోడుగా అనుకున్నారంతా. వెళ్లింది చెడగొట్టడానికి.

"చప్పుడంతా వేడి నుంచి పుడద్దండి బాబాయ్‌గారూ," అన్నాడు జేవియర్. "వేడి తక్కువ పుట్టే ప్రాసెసర్ పెట్టుకుంటే సగం గోల అక్కడే పోద్ది. అన్నిటికన్నా పైది అక్కర్లేదు, మధ్యది చాలు. దాంతోపాటు పెట్టెలో వచ్చే చిన్న ఫ్యాను పక్కన పడేద్దాం. చిన్నది గబగబా తిరిగి అరుద్దండి. ఇదిగో, ఈ పొడుగు కూలర్‌కున్న పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా అంత గాలీ ఇస్తది."

"ఉన్న ఫ్యాను పారేసి ఇంకోటి కొనడమేంటమ్మా? ఆ చిన్నదే ఉంచెయ్, డబ్బులు మిగుల్తాయి," అన్నాడు ఉమామహేశ్వరం.

"నువ్వే కదా నాన్నా చప్పుడు రాకూడదన్నావు."

ఉమామహేశ్వరం పక్క బల్ల దగ్గరికి జరిగాడు. కాసేపటికి పాత హార్డ్ డిస్క్ ఒకటి చేతిలోకి తీసుకుని ఇది చౌకలా ఉందే అన్నాడు. అది లోపల తిరుగుతూ కిర్రుమంటుందనీ, తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ వేద్దామనీ జేవియర్ దాన్ని లాగేసుకున్నాడు. గేములో బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు దగ్గర పేచీ వచ్చింది. కొత్తది కొంటే ఉన్న డబ్బంతా అక్కడే అయిపోతుంది. ఒక మెట్టు తక్కువది, ఒకరు వాడి అమ్మేసినది, రెండు పెద్ద ఫ్యాన్లది కాకినాడ నుంచి తెప్పిస్తానన్నాడు జేవియర్. దాని కరెంటు కాస్త తగ్గించి సెట్టింగు పెడితే ఎప్పుడూ గొంతు పెంచదట. దివ్య వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఆరు నెలలుగా ఆ పిల్ల కలలు కన్నది కొత్త కార్డు గురించే.

"గేములో గడ్డి కొంచెం తక్కువ అందంగా కనపడుద్ది. అంతేగా," అంది చివరికి.

ఆ మిగిలిన డబ్బుతో, లోపలి భాగాలకి కరెంటు పంచే పవర్ సప్లై మంచిది ఎంచాడు జేవియర్. అదంటే ఆయనకి ముచ్చట. "పని తక్కువున్నప్పుడు దీని ఫ్యాను ఆగిపోద్దండి."

ఉమామహేశ్వరం బల్ల మీదికి వంగాడు. "ఆగిపోద్దా? ఫ్యాను ఆగితే లోపలున్నది చచ్చిపోదా బాబూ?"

జేవియర్ పకపకా నవ్వాడు. దివ్య నవ్వలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని, ఇందులో ఏదీ చావదు నాన్నా అంది.

ఆ రోజు బల్ల మీద పేరుస్తున్న ఒక్కో వస్తువునీ చూస్తుంటే అతనికి ఒక్కో సాక్షి వచ్చి బోనెక్కుతున్నట్టే ఉంది. ఇంట్లో కూలరు లేదు, టీవీ లేదు. ఇప్పుడీ కంప్యూటరూ మాట్లాడదు. ఈసారి కరెంటు పోతే దేని మీద తోస్తాడు? కార్డు రావడానికి పట్టిన వారం రోజులూ సరిగ్గా తినలేదు. పంట నూరు రోజులకి దగ్గరపడింది, చెరువుల నిండా రొయ్య. మబ్బు పట్టి గాలి స్తంభించినప్పుడల్లా గట్టు మీద అటూ ఇటూ తిరిగేవాడు. కాళ్లు నొప్పెట్టినా కూర్చునేవాడు కాదు. కూర్చుంటే తల వాలుతుందని భయం.

జేవియర్ కంప్యూటర్ని తయారుచేసి, బండి మీద కట్టుకుని ఒక సాయంత్రం తెచ్చాడు. అదే సమయానికి శ్రీరామచంద్రమూర్తి గారు వల వేయించి రొయ్య ఎదుగుదల చూసుకోవడానికి వచ్చారు. గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏదమ్మా, చప్పుడు లేని కంప్యూటరంట, మమ్మల్నీ విననీ," అంటూ లోపలికొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నారు. ఉమామహేశ్వరం గుమ్మం బయటికి చూశాడు. పారిపోవడానికి చెరువు గట్టు తప్ప మరో చోటు లేదు.

జేవియర్ మీట నొక్కాడు. తెర వెలిగింది.

గట్టు మీది గతుకుల్లో బండి ఎగిరి, లోపల ఒక వైరు జారి ముందు ఫ్యానుకి తగులుకుంది. టకటకటకమని రేకు మీద వడగళ్లు పడ్డట్టు మోత. జేవియర్ పరువు పోయినట్టు మొహం పెట్టాడు. శ్రీరామచంద్రమూర్తి గారు చెవిలో వేలు పెట్టుకున్నారు. ఎప్పుడూ అందరి మొహాలూ చూసి గానీ నోరు విప్పని ఉమామహేశ్వరం, ఆ ఒక్క క్షణం మాత్రం పెట్టెకేసి చూశాడు. దానికున్న చిన్న దీపం వెలుగుతోంది. చప్పుడేమీ లేదు.

"అబ్బ, ఏం చేసేవు జేవియర్ బాబూ," అన్నాడు, గొంతులోకి లేని ఉత్సాహం తెచ్చుకుని. "చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది."

 జేవియర్ పెట్టెని కాస్త పక్కకి వాల్చగానే మోత ఆగింది. శ్రీరామచంద్రమూర్తి గారు మెల్లగా లేచి ఉమామహేశ్వరం వెనక్కి వెళ్లి నిలబడ్డారు. మామూలు గొంతుతోనే అన్నారు.

"ఉమామహేశ్వరం, మూడో చెరువులో ఫ్యాన్లు ఆగిపోయేయి."

అతను కదల్లేదు. నవ్వు మొహంతో ఆ పెట్టెకేసే చూస్తున్నాడు.

"ఆగలేదండి," అంది దివ్య. "నాలుగూ తిరుగుతున్నాయి. నాకు వినపడుతున్నాయి."

పెట్టె పక్కనే నిలబడ్డ కూతురి పెదాలు అతను చూశాడు. ఆ పిల్ల చూపు ఎవరి మీదుందో చూసి వెనక్కి తిరిగాడు. యజమాని మొహం చూడగానే అంతా తెలిసిపోయింది. ఆర్నెల్లకి పైగా ఏ క్షణానికైతే భయపడ్డాడో అది వచ్చేసింది, తన ఇంట్లో, అందరి ముందు, తన నోటి మాటతోనే. గోడకి చేరగిలబడ్డాడు.

"ఎప్పట్నించమ్మా?" అన్నారు శ్రీరామచంద్రమూర్తి గారు.

"కార్తీకం నించండి. నాన్న నాకు చెప్పలేదు, నేనే చూసుకున్నాను. అప్పట్నించి చెరువులు వింటన్నది నేనేనండి. ఈ పంటలో ఒక్క రొయ్య తేలిందేమో మీరే చెప్పండి."

 జేవియర్ వైరు తీసి కట్టేస్తూ తలెత్తి, "ఆ రోజు కొట్లో చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్ ఊరికే ఇస్తానన్నా ఒద్దన్నావు. ఇందుకా అమ్మా," అన్నాడు. దివ్య తలూపింది. చెవులు మూసుకుని ఆడితే ఫ్యాన్లెవరు వింటారు? మోగే పెట్టె పక్కన కూర్చున్నా అంతే. ఆ పిల్ల నిశ్శబ్దం కొనుక్కుంది తండ్రి చెవుల కోసం కాదు, తన చెవుల కోసం.

"పంట పట్టేదాకా ఇలాగే కానివ్వండి," అన్నారు యజమాని గుమ్మం దాటుతూ. "ముందా చెవులకి మిషను పెట్టించుకో ఉమామహేశ్వరం. తరవాత చూద్దాం." తరవాత చూద్దామంటే మా వైపు అవుననీ కాదు, కాదనీ కాదు. జేవియర్ కూడా డబ్బుల సంగతి ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలారు. ఉమామహేశ్వరం కూతుర్ని వెలుగులోకి రమ్మన్నాడు, పెదాలు సరిగ్గా కనపడాలని.

"నేను పడుకున్నాక కరెంటు పోయిందా ఎప్పుడన్నా?"

"పోయింది నాన్నా."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

ఈ ఏడు కరెంటు బాగుంటోందని, రాత్రిళ్లు అసలు పోవడమే లేదని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పింది అతనే. పదకొండు సార్లు తను నిద్రపోతుండగా ఆ పిల్ల లేచి, చీకట్లో గట్టు మీద షెడ్డు దాకా నడిచి, ఆ జనరేటర్ హ్యాండిల్ తిప్పింది. అది వెనక్కి తన్నిందంటే మగవాళ్ల మణికట్టే విరుగుతుంది.

"నాకు భయమేస్తందమ్మా," అన్నాడు. ఎవరితోనూ అనని మాట అది.

"నాకూ ఏసేది నాన్నా. పదకొండు సార్లూ ఏసింది."

ఉమామహేశ్వరం ఆమె చేతులు పట్టుకుని తిరగేశాడు. రెండు అరచేతుల్లోనూ వేళ్ల మొదళ్ల దగ్గర కాయలు కాసి ఉన్నాయి, కుడిచేతిది ఒకటి పగిలి ఎండింది. ఇన్ని నెలలుగా చెరువు మీంచి చూపు తిప్పని మనిషి, వాటిని అప్పుడే చూశాడు.