మా ఇల్లు మాట్లాడని పుస్తకం

పోయిన మంగళవారం ఉదయం నంద్యాలలో మా వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. లైబ్రరీ సారు కూతురు. "నాయన పోయినాడక్కా" అంది. పొద్దున్నే పేపరు చదువుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగారట. కునుకు పట్టిందేమోనని కళ్లజోడు తీయబోతే అప్పటికే చెయ్యి చల్లబడి ఉందట. ఆమె నెమ్మదిగానే చెప్పింది. ఏడ్చింది నేను.

ఆళ్లగడ్డలో ఒక చిన్న లైబ్రరీని ఇరవై ఏళ్లకు పైగా నడిపిన మనిషి ఆయన. రెండు గదులు, ఒక ఫ్యాను, పేపర్ల కోసం పొడుగాటి బల్ల. అందరూ అడిగే డిటెక్టివ్ నవలల్ని వెనక గదిలో అడుగు అరలో పెట్టేవారు. గుమ్మంలోకి రాగానే ఎదురయ్యేవి మాత్రం వేరే పుస్తకాలు. కులం మీద, భూముల మీద, కరువు మీద, ఆడవాళ్ల చాకిరీ మీద, ఎన్నికల మీద రాసినవి. నవల కావాలంటే దాంతోపాటు ఈ ముందు అరలోది ఒకటి తీసుకుపోవాల్సిందే. బెండకాయలకు వచ్చినవాళ్ల సంచిలో కాకరకాయలు కూడా వేసి పంపినట్టుండేది. నవల చదువుదామని వస్తే పరీక్ష పెడతాడీయన అని జనం గొణుక్కునేవాళ్లు. గొణుక్కుంటూనే తీసుకుపోయేవాళ్లు. ఒక కిరాణా షావుకారు అట్లాగే డిటెక్టివ్ నవలల కోసం వచ్చి, రెండేళ్లు తిరిగేసరికి కరువు గురించిన పుస్తకాలన్నీ చదివేసి, కందిపప్పు కొనడానికి వచ్చినవాళ్లతో చెరువుల గురించి వాదనకు దిగేవాడు.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు సారు ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు. "దీంట్లో ఎవురు మాట్లాడలేదు?"

బాగుందా, అర్థమైందా అని అడిగితే తలూపి తప్పించుకోవచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం పుస్తకం చదవకుండా జవాబు చెప్పలేం. చదివినా ఒక్కోసారి చెప్పలేం. నాకు పద్నాలుగేళ్లప్పుడు రైతుల పోరాటాల మీద ఒక పుస్తకం ఇచ్చారు. తిరిగిచ్చేటప్పుడు చాలాసేపు ఆలోచించి, ఆడవాళ్లు మాట్లాడలేదు సార్ అన్నాను. మెచ్చుకోలేదు. చెవి మీది పెన్సిల్ తీసి, నా కార్డు మీద రెండు పుస్తకాలకు బదులు మూడని దిద్దారు. ఆ రోజు మా ఊరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను పడిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆయనకు కోపమూ ఉండేది. పాత క్యాలెండరు కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసేవారు, తెల్లవైపు పైకి వచ్చేట్టు. ఆ అట్ట మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే ఆ మనిషికి వారం రోజులు పుస్తకం దొరికేది కాదు. "అణగారిన వర్గాలు" అని వాక్యానికొకసారి రాసే రచయితలంటే ఇంకా మంట. "అణగారిన వర్గాలంటే ఎవురమ్మా? ఊరుంటాది, వీధుంటాది, పేరుంటాది గదా" అనేవారు. నేను రచయితనయ్యాక ఆ మాట రాయబోయిన ప్రతిసారీ పెన్ను ఆగిపోయేది.

నా మొదటి పుస్తకం మా చుట్టుపక్కల ఊళ్లలో నీళ్ల గురించి. ఎవరు ఏ బావిలో తోడుకున్నారు, ఎవరు ఎంత దూరం నిలబడ్డారు, కుళాయిలు వచ్చాక ఏం మారింది, ఏం మారలేదు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య ఊరూరా మూడేళ్లు తిరిగి రాశాను. నంద్యాలలో ప్రెస్సు మాట్లాడుకున్నాక, అచ్చుకు ఇచ్చే ముందు ఆ కాగితాల కట్టను సారు దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై ఇంటి దగ్గరే ఉన్నారు. ఎస్సీ కాలనీలో రెండు గదుల ఇల్లు, నేలంతా పరిచిన బేతంచెర్ల బండలు. పది రోజులు పట్టింది చదవడానికి. మళ్లీ వెళ్లి కూర్చోగానే ఆయన అడగబోయేది తెలుసు కాబట్టి నేనే మొదలుపెట్టాను. ఫలానా ఊళ్లో చాకలివాళ్లు మాట్లాడలేదు, ఫలానా చోట సర్పంచు దొరకలేదు అని వరసగా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"మీ ఇల్లు మాట్లాడలే" అన్నారు.

మా ఊరి గురించి అందులో ఒకే వాక్యం ఉంది. మా ఊళ్లో ఇలాంటివి ఎప్పుడో పోయాయి అని. దాని కింద సన్నటి పెన్సిల్ గీత. మాది తరాలుగా వ్యవసాయం చేసే ఇల్లు. ఊళ్లో భూములున్న నాలుగైదు ఇళ్లలో ఒకటి. అయినా మా ఇంట్లో అట్లాంటివి లేవు సార్ అని గట్టిగానే అన్నాను. సారు కళ్లజోడు తీసి కాగితాల మీద పెట్టారు. తర్వాత, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా, "నాకు నీళ్లిచ్చింది నువ్వే గదమ్మా" అన్నారు.

నాకు పదేళ్లప్పుడు ఆయన లైబ్రరీలో సభ్యుల్ని చేర్చుకోవడానికి మా ఊరికి సైకిల్ మీద వచ్చారు. ఎండలో మా ఇంటి ముందు ఆగి నీళ్లడిగారు. మా వసారా దూలం మీద ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అది ఎవరి కోసమో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. అమ్మ చెంబు నా చేతికిచ్చింది. అరుగెక్కి ఆ గ్లాసు దించి నీళ్లు పోసి అరుగు చివర పెట్టింది నేను. ఆయన తాగి, కడిగి, బోర్లించి, నా పేరు అడిగి కార్డు రాశారు. కార్డు నాకు గుర్తుంది. ఆయన అనేదాకా గ్లాసు గుర్తులేదు. మూడేళ్లు ఊరూరా తిరిగి అందరి గ్లాసులూ లెక్కపెట్టినదాన్ని, మా ఇంటి గ్లాసు మర్చిపోయాను.

నాకు పౌరుషం వచ్చింది. పదేళ్ల పిల్లను, నాకేం తెలుసు అన్నాను. "నీ తప్పని నేనన్నానా? రాయలేదంటాండా" అన్నారాయన. కాగితాలు సర్దుకుని వచ్చేశాను. మూడు నెలలు ఆ వైపు పోలేదు. నిజంగా నా భయం సారు గురించి కాదు, మా నాయన గురించి. డెబ్బై దాటిన మనిషి. ఊళ్లో పంచాయితీలకు పెద్ద. ఇది అచ్చయితే ఆయన మొహం ఎట్లా చూడాలి, ఆయన ఊరి మొహం ఎట్లా చూడాలి. రాయకపోతే ఆ పుస్తకం అబద్ధం. అది అబద్ధమని తెలిసిన మనిషి ఆళ్లగడ్డలో ఉన్నారు. చివరికి రాశాను. నాలుగు పేజీలు.

తీసుకెళ్లి చూపిస్తే సారు రెండు షరతులు పెట్టారు. మొదటిది, అచ్చుకు ముందు నాయనకు నేనే చదివి వినిపించాలి. "అచ్చయినాంక వేరేవాళ్ల నోటితో వినేది న్యాయం కాదు" అన్నారు. రెండోది, తన పేరు వేయకూడదు. పేరుంటాది గదా అని నాకు నేర్పింది మీరే కదా సార్ అని నిలదీశాను. ఆయన నవ్వారు. "ఈ ఊర్లో అందురూ నన్ను లైబ్రరీ సారంటాండారు. రేపటి నుంచి గ్లాసాయప్ప అనిపించుకోమంటావా?" అన్నారు. పుస్తకంలో లైబ్రరీ సారు అనే ఉంచాను.

నాయన మంచం మీద కూర్చుని నాలుగు పేజీలూ విన్నాడు. ఇది లేకుంటే పుస్తకం అచ్చు కాదా అని అడిగాడు. అవుతుంది నాయనా, కానీ అబద్ధం అవుతుంది అన్నాను. లేచి చేనికి పోయాడు. రెండు రోజులు పొద్దుగూకాకే ఇల్లు చేరాడు. మూడో రోజు అన్నం దగ్గర, తలెత్తకుండా, "ఏం తీసెయ్యొద్దు. నా పేరు మాత్రం సరిగ్గా రాయి" అన్నాడు. అట్లా ఆ పుస్తకంలో మా నాయన పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఊళ్లో కొందరు ఆయనతో మాటలు తగ్గించారు. ఆయన ఆ సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు. సారు కూడా పుస్తకం అచ్చయ్యాక ఒకే ఒక మాట అన్నారు, అట్ట పలుచగా ఉంది అని. నాకు చదవడం నేర్పింది బడి అనుకునేదాన్ని. కాదు, ఆయనే. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. ఇప్పుడు మీతో అంటున్నాను.

ఆ మంగళవారం ఊళ్లో ఉన్న నాయనకు ఫోన్ చేసి, సారు పోయారని చెప్పాను. నేనూ వస్తా, ఆళ్లగడ్డ బస్టాండు కాడ ఉంటా అన్నాడు. ఎనభై దాటిన ఆ మనిషి ఆ కాలనీలో అడుగుపెట్టడం నాకు తెలిసి అదే మొదటిసారి. పక్క ఊరే అయినా ఇన్నేళ్లూ రాలేదు. సారు ఇంటి ముందు గేటు దగ్గరే నిలబడిపోయాడు. అక్కడున్న వాళ్లలో చాలామంది ఆ పుస్తకం చదివినవాళ్లే. సారు భార్య లోపలి నుంచి చూసి, "ఆడనే నిలబడినావేందప్పా, లోపలికి రా" అంది. చాప మీద ఎవరో జరిగి చోటిచ్చారు. నాయన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఆ చాప మీది నుంచి లేవలేదు.

సాగనంపేటప్పుడు, ఎండగా ఉంది, ఆటోలో పోదాం అంటే వినకుండా అందరితో పాటు నడిచాడు. గుంట దగ్గర ఒక్కొక్కరూ ముందుకు వెళ్లి మట్టి వేస్తున్నారు. మా వంతు వచ్చేసరికి నాయన ఆగి నా వైపు తిరిగాడు.

"పాపా, ఆయప్ప పేరేంది?"

చెప్పాను. నాయన వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. ఆ పేరు పక్కన మర్యాదకు అప్పా అని చేర్చి, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేట్టు ఒకసారి పిలిచి, మట్టి వదిలాడు. ఆ చెయ్యి తుడుచుకోకుండా అట్లాగే నిలబడ్డాడు, వెనక వరుస కదిలేదాకా.