మైలుతుత్తం చెంచా

నా భార్య పోయిన నెల చనిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు. బందరులో మా ఇంట్లోనే, కిటికీ పక్క మంచం మీద, కూర్చునే వెళ్ళిపోయింది. గుడివాడ కాలేజీలో ఆమె దగ్గర జువాలజీ చదువుకున్న మీరు నాలుగు మాటలు రాయమన్నారు. మంచి మాటలు మీ దగ్గరే ఎక్కువ ఉంటాయి. “కోసే ముందు బతికుండగా చూడండమ్మా” అని ల్యాబులో అనేదట. ఇంట్లో నాకు చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

ఆమెది దివిసీమ. రిటైరైన ఏడు పుట్టింటి దగ్గర పంటకాలవలోంచి ఇంత నాచు తెచ్చి, హాల్లో గాజుతొట్టెలో వేసింది. నాచుతోపాటు నత్తలొచ్చాయి. చిటికెనవేలి గోరంత ఉంటాయి. కొన్నాళ్ళకి అద్దం నిండా వాటి గుడ్ల జిగురే.

“ఏమండీ, ఇటు చూడండి, పైకొస్తోంది. వీటికి మొప్పలుండవు. మనలాగే గాలి కావాలి.”

నత్త నీటి అంచుదాకా వచ్చి, ఒంటి పక్కన సన్నటి రంధ్రం తెరిచి, మూసి, మళ్ళీ దిగిపోయేదట. అలా చూస్తూ కాఫీ చల్లార్చుకునేది. నేను పేపర్లోంచి తల ఎత్తేవాణ్ణి కాదు.

నాకప్పుడు కృత్తివెన్నులో చేపల చెరువులుండేవి. నత్తలు పడితే నీలంగా ఉండే మైలుతుత్తం కలిపి చల్లించేవాళ్ళం. ఒకరోజు పక్క చెరువాయన ఇంటికొచ్చి, తొట్టె చూసి పగలబడి నవ్వాడు.

“ఏం బావా, అక్కడ చంపించి ఇక్కడ సాకుతున్నావా? మా చెల్లెమ్మ కాలేజీ పెట్టిందా వీటికి?”

“మీరూ చేరండి అన్నయ్యగారూ, సీట్లున్నాయి” అంది ఆమె. అందరం నవ్వాం. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే చెల్లెలికి బాగాలేదని ఆమె అవనిగడ్డ వెళ్ళింది. నేను ఒక చెంచా మైలుతుత్తం తొట్టెలో కలిపాను. చెరువులు చేసినవాణ్ణి, ఎంత వెయ్యాలో నాకు తెలుసనుకున్నాను. మర్నాటికి తొట్టె అడుగంతా నత్తలే. కొన్ని మాత్రం నీళ్ళు వదిలి తొట్టె మూతదాకా పాకాయి. వాటిని నేను పట్టించుకోలేదు.

తిరిగొచ్చి, “ఏమైందండీ?” అంది.

“ఎండకి నీళ్ళు పాడైనట్టున్నాయి.”

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. చెంచా అంచున నీలం ఇంకా ఉంది. ల్యాబులో అంతకాలం గడిపిన మనిషికి అదేమిటో ఒకరు చెప్పాలా? చెంచా కడిగి, విడిగా కిటికీలో పెట్టింది. “దీన్ని వంటకి వాడకండి” అంది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తొట్టె అటక ఎక్కింది.

జబ్బు ముదిరాక పడుకుంటే ఆయాసం. దిండ్లకి ఆనుకుని కూర్చునేది. “నత్త బతుకైపోయింది. పైకి లేస్తేగాని ఊపిరాడదు” అని నవ్వింది ఒకసారి. నేను నవ్వలేకపోయాను. కాసేపు నా ముఖంలోకి చూసి, “మీరేమైనా చెప్పాలా?” అంది.

“ఏం లేదు. పడుకో.”

పడుకోలేని మనిషితో అన్నాను ఆ మాట.

పన్నెండో రోజు వెళ్ళాక, పనిచేసే అమ్మాయి ఒక గాజుసీసా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల నాచు, దాని మీద నత్తలు.

“సార్, వీటికి నీళ్ళు మార్చాలండీ. మేడంగారు మంచాన పడ్డకాణ్ణించి నేనే మారుస్తన్నా.”

“ఎక్కడివి?”

“అప్పుడు తొట్టె మూతకి అంటుకున్నయ్యి తీసి దాచారండీ. అయ్యే పిల్లలు పెట్టినయ్యి. గిన్నెలు తోమే గట్టు ఎనకాల ఉంటాయి.”

అన్నేళ్ళలో నేను ఆ గట్టు వైపు వెళ్ళలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. తల దించుకుంది.

“మళ్ళీ మందేస్తారేమోనని, సార్.”

ఇప్పుడు ఆ సీసా ఆమె మంచం పక్క కిటికీలో ఉంది. నీళ్ళు నేనే మారుస్తున్నాను. పొద్దున పేపరు మడిచి పక్కన పెడతాను. ఒక నత్త అద్దం పట్టుకుని నెమ్మదిగా పైకొస్తుంది. అంచు చేరి ఆగుతుంది. పక్కన సన్నటి రంధ్రం తెరుస్తుంది.