ట్రియర్‌లో అమ్మ చదివిన గోడ

జర్మనీలో జార్‌బ్రూకెన్ నుంచి ట్రియర్‌కు రైల్లో గంటా పావు. మా యూనివర్సిటీలో చదివే తెలుగు పిల్లలందరూ ఏదో ఒక ఆదివారం వెళ్ళివచ్చే ఊరు. నేను మాత్రం మూడేళ్ళుగా వాయిదా వేస్తూనే ఉన్నాను. చివరికి ఈ సెప్టెంబరులో వెళ్ళింది కూడా ఊరు చూడాలని కాదు, మా అమ్మను ఆపాలని.

అమ్మ తాండూరు దగ్గర నాపరాతి గనుల్లో ఇరవై ఏళ్ళు బండలు చీల్చింది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. వచ్చే నెల నాకు కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ పట్టా ఇస్తారు. ఆ సభలో అమ్మ ముందు వరుసలో కూర్చోవాలని వీసా, ఇన్సూరెన్స్, విమానం టికెట్ అన్నీ ఆరు నెలల ముందు నుంచే చూసుకున్నాను. విమానమంటే భయపడి నాన్న రానన్నాడు, అమ్మ ఒక్కతే వచ్చింది. వచ్చిన పదో రోజు పొద్దున జొన్నరొట్టె కొడుతూ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది.

“నా టికెట్ ముందుకు జరుపు బిడ్డా. వచ్చే వారం పోత.”

“పట్టా ఇచ్చేదాక ఉంటనంటివి గదమ్మా!”

“గా దినం అందరు సదువుకున్నోళ్లే ఉంటరు. వాళ్ల నడుమ నేను బొమ్మ లెక్క కూసుండాలె. ఏ బోర్డు సూసినా తెల్వది, ఎవరేం మాట్లాడినా తెల్వది. నాకు పరేషాను, నీకు నామోషీ. ఎందుకు చెప్పు?”

ఎంత చెప్పినా వినలేదు. ఆఖరికి, ఈ ఆదివారం నాతో ఒక ఊరికి రమ్మని, ఆ తర్వాత కూడా పోతానంటే ఆ రాత్రే టికెట్ మారుస్తానని మాటిచ్చాను. అమ్మ ఒప్పుకుంది. ఒక్కరోజులో ఈ దేశం అమ్మకు పరాయిది కాదనిపించాలి. పరీక్షకు చదివినట్టు ట్రియర్ గురించి రెండు రోజులు చదివాను.

మా పై అంతస్తులో ఉండే సునీత అక్క కూడా వస్తానంది. అక్కది కాకినాడ, ఇక్కడ ఐటీ ఉద్యోగం. తన కూతురు ఆద్యకు ఐదేళ్ళు, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది. అక్కకూ నాకూ నెల పాస్‌లు ఉన్నాయి, ఆరేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అమ్మకు మాత్రం రోజంతా తిరిగే టికెట్ కొన్నాం. దారిలో వచ్చే రెండు జర్మన్ రాష్ట్రాల్లోనూ చెల్లే ఈ టికెట్‌ను ఐదుగురి వరకు కలిసి కొనుక్కోవచ్చు, మనుషులు పెరిగే కొద్దీ తలకు పడే ఖర్చు తగ్గుతుంది. శని ఆదివారాల్లో పొద్దున్నుంచే చెల్లుతుంది, మామూలు రోజుల్లో తొమ్మిది తర్వాతే.

ఎనిమిదిన్నర ప్రాంతంలో రైలెక్కాం. కాసేపటికే ఫోల్క్‌లింగెన్‌లో తుప్పుపట్టిన పెద్ద ఇనుము ఫ్యాక్టరీ కనిపించింది. ఇప్పుడది మూతపడిందని, జనం టికెట్ కొని చూస్తారని అమ్మకు చెప్పాను.

“పని నడిచినప్పుడు ఎవడు సూడకపాయె, బందైనంక పైసలిచ్చి సూస్తుండ్రా?” అంది అమ్మ. అక్క నవ్వింది. ఆ తర్వాత జార్ నది, కొండవాలు మీద ద్రాక్షతోటలు వస్తూనే ఉన్నాయి. అమ్మ కిటికీలోంచి చూసింది కానీ ఏమీ అడగలేదు.

ట్రియర్ స్టేషన్ నుంచి తిన్నగా పది నిమిషాలు నడిస్తే పోర్టా నీగ్రా, అంటే నల్లద్వారం. రోమన్లు కట్టిన కోట గుమ్మం ఇది. మూడు నాలుగు అంతస్తుల ఎత్తున నల్లగా నిలబడి ఉంటుంది. నేను బోర్డు ముందు నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, తర్వాత చర్చిగా ఎలా మారింది, అన్నీ. చెబుతూ తిరిగి చూస్తే అమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించి ఉంది.

“ముట్టుకోకమ్మా! ఎవరన్నా సూస్తే ఏమన్నా అంటరు.”

అమ్మ చెయ్యి తీసి కొంగులో దాచుకుంది. “మీరు ఎక్కి రాండ్రి. నాకు మోకాళ్లు నొస్తయి,” అని బెంచీ మీద కూర్చుంది. అమ్మను వదిలి ఎక్కడానికి నాకు మనసు రాలేదు. ముందుకు కదిలాం.

హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద కూడలిలో రంగురంగుల పాత ఇళ్ళు, మధ్యలో బొమ్మలున్న ఫౌంటెన్. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గానీ ఐస్‌క్రీం బళ్ళకు కొదవ లేదు. పక్కనే ఉన్న డోమ్, అంటే పెద్ద చర్చిలో ఆదివారం పొద్దున ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి దాన్ని మధ్యాహ్నానికి పెట్టుకుని రోమన్ల స్నానశాలల వైపు నడిచాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు వాటిని వదలకండి. నేల కింద చీకటి సొరంగాలు, ఎటు తిరిగినా ఇంకో దారి. ఆద్య అరుచుకుంటూ పరుగెత్తింది, అక్క దాని వెనక పరుగెత్తింది. అమ్మ బయట కూర్చుంది. పక్కనున్న గులాబీరంగు రాజభవనం తోటలో గడ్డి మీద దుప్పటి పరిచి అక్క పులిహోర, అమ్మ జొన్నరొట్టెలు, పల్లికారం తిన్నాం. తోట చూడ్డానికి డబ్బు అక్కర్లేదు, పిల్లలు ఎంతసేపైనా పరుగెత్తవచ్చు.

“పిన్నిగారూ, మీరు ఏదీ చూడట్లేదేంటండీ? ఊరు నచ్చలేదా?” అని అడిగింది అక్క.

“మంచిగనే ఉంది బిడ్డా. తెలిసినోళ్లకు మంచిగనే ఉంటది.”

సగం తిన్న రొట్టె డబ్బాలో పెట్టేశాను. ఆ రాత్రి విమానం టికెట్ మార్చడం ఖాయమనుకున్నాను.

రెండు గంటలకు డోమ్ దగ్గరికి వచ్చాం. తలుపు పక్కనే బయట విరిగిపోయిన పెద్ద స్తంభం ముక్క పడి ఉంది. తరతరాలుగా పిల్లలు ఎక్కి జారి జారి దాన్ని అద్దంలా చేశారు. ఆద్య చెప్పులు విడిచి ఎక్కింది, జర్రున జారింది. “నోఖ్ మాల్!”, అంటే ఇంకోసారి, అంటూ మళ్ళీ పరుగెత్తింది. ఇంకోసారి, ఇంకోసారి. దిగేటప్పుడు పట్టుకోవడానికి అమ్మ వెళ్ళి స్తంభం పక్కన నిలబడింది. ఒక చెయ్యి పిల్ల మీద, ఇంకో చెయ్యి రాతి మీద. ఈసారి నేను వద్దనలేదు. అమ్మ వేలి గోటితో రాతిని గీకింది, వంగి విరిగిన అంచు చూసింది.

“ఇది ఈడి రాయి కాదు.”

“నీకెట్ల తెలుసు?”

“పొద్దుగాల సూసిన గేటుది ఇసుకరాయి, చెయ్యి వెట్టి రాస్తే రాలుతది. ఇది గట్టి గ్రానైటు. ఈ ఊర్ల గిసొంటిది ఇంకేడన్న కనవడ్డదా? ఏడికెల్లో మోసుకొచ్చిండ్రు.”

ఫోన్ తీసి చూశాను. నిజమే. రైన్ నది అవతలున్న కొండల నుంచి తెచ్చిన గ్రానైటు అది.

“పిన్నిగారూ, ఈ ఫోన్లకంటే మీరే నయమండీ!” అంది అక్క.

“ఫోన్ ఎన్నడన్న బండలు మోసిందా?” అంది అమ్మ. ఈ దేశం వచ్చాక మొదటిసారి అమ్మ పళ్ళు కనిపించేలా నవ్వింది. కొంగు నడుముకు చెక్కుకుంది. “పా, గా నల్ల గేటు కాడికి మల్ల పోదాం. పొద్దుగాల నువ్వు సక్కగ సూడనియ్యలే.”

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. చూడాలని నేను రాసుకున్న పట్టికలో ఇంకా మూడు చోట్లు మిగిలి ఉన్నాయి, వాటిని అక్కడే వదిలేశాను.

మూడున్నరకు పోర్టా నీగ్రా ముందు అమ్మ నడిచిన తీరు వేరు. గోడ వెంటే పోతూ రాళ్ళ అతుకుల మధ్య వేలు పెట్టి చూసింది. “సున్నం లేదు. రాయి మీద రాయి కూసోవెట్టిండ్రు, గంతే.” అతుకుల దగ్గర గుండ్రటి గుంతలు చూపించింది. “గీడ ఇనుప కొక్కెం ఉండె, రెండు రాళ్లను పట్టి ఉంచనీకి. ఎవడో ఇనుము కోసం తొలిచి తీస్కపోయిండు.” నేను పరుగెత్తి బోర్డు చూశాను. పొద్దున తొందరలో దాటేసిన ఒక వాక్యంలో అదే ఉంది.

మనిషికి ఐదారు యూరోల టికెట్ తీసుకుని మెలికల మెట్లెక్కాం. మోకాళ్ళ మాట ఎత్తకుండా అందరికంటే ముందు అమ్మే ఎక్కింది. పైన ఒక రాతి మీద చెక్కిన గుర్తు కనిపించింది. అక్షరాల్లా ఉంది గానీ ఎంతసేపు చూసినా నాకు అర్థం కాలేదు. అమ్మ మెడ పక్కకు వంచి చూసి, “తలకిందులు ఉంది. ఉలి దెబ్బలు కిందికెల్లి మీదికి ఉన్నయి సూడు. గనిలనే కొట్టిన గుర్తు ఇది. గోడ కట్టెటోడు రాయిని తిప్పి పెట్టిండు, వానికి గుర్తుతోని ఏం పని? మా గనిల గూడ ముఠాకో గుర్తు. మాది మూడు గీతలు, కింద సున్న,” అంటూ వేలితో తడిమింది.

ఇంతలో అక్కడి ఉద్యోగి, నెరిసిన జుట్టు ఆవిడ, మా వైపు వచ్చింది.  తడబడుతూ క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ చెయ్యి ఊపి, “చేత్తో తడిమితే ఏమీ కాదు. మీ అమ్మగారు ఏమంటున్నారు?” అని అడిగింది. చెప్పాను. ఆవిడ అమ్మ వైపు తిరిగి, “రండి, ఇంకొకటి చూపిస్తాను” అని లోపలి మూలకు తీసుకెళ్ళింది. అక్కడా ఒక గుర్తు, అది పక్కకు ఒరిగి ఉంది. వాళ్ళిద్దరూ దాని మీద వంగారు. చూస్తుండగానే చుట్టూ పది మంది చేరారు. అమ్మ తాండూరు తెలుగులో చెబుతోంది, నేను జర్మన్‌లోకి మారుస్తున్నాను, నేను ఆగిన చోట ఆద్య “ఓమా సాగ్ట్...” అని అందుకుంటోంది. ‘ఓమా సాగ్ట్’ అంటే ‘నానమ్మ చెబుతోంది’ అని.

పిల్లను భుజాన వేసుకున్న ఒకాయన, ఇంత రాయిని గనిలోంచి తీయడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు.

“మంచి ఉలి ఉండి ఇద్దరు మనుషులుంటే రెండు దినాలు,” అంది అమ్మ. “మేస్త్రి మొత్తుకుంటే ఒక్కటే దినం.”

నేను మార్చి చెప్పగానే ఆ రాతి గదంతా నవ్వులు మోగాయి. ఉద్యోగి ఆవిడ రెండు చేతులతో అమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ తర్వాత పై అంతస్తు కిటికీలోంచి ఊరంతా చూశాం. ఏ రాయి ఏ గోడకు ఎందుకు వాడారో అమ్మ చెబుతుంటే నేను వింటూ నిలబడ్డాను.

ఐదు దాటాక తిరుగు రైలెక్కాం. ఆద్య అమ్మ ఒళ్ళో నిద్రపోయింది. టికెట్ సంగతి అడగాలంటే నాకు భయం వేసింది. ద్రాక్షతోటలు దాటాక అమ్మే అడిగింది.

“గా సభ దినం సలి వెడతదా?”

“బాగ వెడతదమ్మా.”

“అయితే ఎర్ర చీర మీద నీ పాత స్వెటర్ బాగుండది. మంచి కోటు కొనియ్యి.”

మూడేళ్ళు నేను ఈ దేశపు బోర్డులు, ఫారాలు, పుస్తకాలు చదవడం నేర్చుకున్నాను. అమ్మకు కూడా అవన్నీ చదివి వినిపిస్తే ఇక్కడ కుదురుకుంటుందని అనుకున్నాను. అమ్మకు కావలసింది నా చదువు కాదు, తనకు తెలిసినది ఒక్కటి ఎదురుపడటం. అది ట్రియర్‌లో గుమ్మంలోనే ఉంది, నేనే చెయ్యి తీయమన్నాను. వచ్చే నెల ముందు వరుసలో కూర్చునే మనిషి నాకు తోడుగా వచ్చినావిడ మాత్రమే కాదు. ఆ రోజు నన్ను అక్కడిదాకా తెచ్చిన పని ఏమిటో ఎవరైనా అడిగితే, ఆమే చెబుతుంది, నేను అనువాదం చేస్తాను.

మీరు వెళ్తే ఒక చిన్న మార్పు చేయండి. స్టేషన్‌కు దగ్గరని పోర్టా నీగ్రాను మొదట చూడకండి. మొదట డోమ్ బయటి స్తంభం మీద పిల్లల్ని జారనివ్వండి, గుంపులు తగ్గే మూడు గంటల తర్వాత గుమ్మం ఎక్కండి. వేసవిలో ఆరింటి దాకా తెరిచి ఉంటుంది, చలికాలంలో తొందరగా మూస్తారు కాబట్టి వేళలు ముందే చూసుకోండి. వెంట వచ్చిన పెద్దవాళ్ళు గోడ మీద చెయ్యి వేస్తే మాత్రం వద్దనకండి.