అత్త పాదాలకు తెలిసిన నేల

మా పాత ఇంటిది మన్ను నేల. రామన్నపేటకు పొద్దున బస్సెక్కి పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగేంత దూరంలో ఉంటుంది మా ఊరు. మాది గొర్రెల మీద బతికే ఇల్లు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త నాకు మొదట నేర్పిన పని వంట కాదు, అలుకు. పెండలో ఎర్రమన్ను కలిపి, నీళ్లు పోసి, గడ్డ లేకుండా పిసికి, అరచేత్తో అర్ధచంద్రాలుగా పూసుకుంటూ వెనక్కి జరగాలి. నాకు మొదటిరోజు అది తెలియక, అలికిన దాని మీదే కూర్చుని ముందుకు పాకాను.

"ఎన్కకు జరుగవే పిల్లా! నువ్వు నేల అలుకుతున్నవా, నీ చీరె అలుకుతున్నవా?" అంది అత్త. వాకిట్లో కూర్చున్న మా మామ కూడా నవ్వాడు.

అప్పటి నుంచి ఎన్ని వందలసార్లు ఆ నేలను అలికానో చెప్పలేను. మా చేతులు తగలని జాగా ఆ ఇంట్లో లేదు. గడప దగ్గర అందరి అడుగులు పడి చిన్న గుంట పడింది. ఎంత మన్ను నింపినా మళ్లీ పడేది. పొయ్యి చుట్టూ నేల గట్టిగా, కొంచెం ఉబ్బుగా ఉండేది. కుండల మూలకు పోతే ఎండాకాలంలో కూడా కాలికి చల్లగా తగిలేది. వెనక తలుపు నుంచి గొర్రెల దొడ్డి వైపు నేల వాలుగా దిగేది. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే గుర్తుకొస్తున్నాయి. అప్పుడు వాటిని నేల అనుకునేదాన్ని, అంతే.

తెలంగాణ వచ్చిన తర్వాత, మామ పోయిన కొన్నాళ్లకు అత్తకు చూపు తగ్గడం మొదలైంది. నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం. నీటికాసులని, పోయిన చూపు ఇక రాదని డాక్టరమ్మ చెప్పింది. ఉన్న కాస్త చూపు కోసం చుక్కల మందు ఇచ్చింది. మందు వేస్తూనే ఉన్నాను, అయినా చూపు పూర్తిగా పోయింది. ఆఖరిసారి దవాఖానకు పోయి వచ్చాం. ఊళ్లో బస్సు దిగాక ఆమె చేయి పట్టుకుని ఇంటిదాకా నడిపించుకు వచ్చాను. గడప దగ్గరికి రాగానే నా చేయి విడిపించుకుంది.

"ఇగ ఇడువు పిల్లా. ఇల్లు నాకెరుకనే."

గుంటలో కాలు పెట్టి, లోపలికి పోయి, పొయ్యిని చుట్టి, కుండల మూల దగ్గర ఆగి, చెయ్యి చాచి చెంబు అందుకుని నీళ్లు తాగింది. నేను గడపలోనే నిలబడిపోయాను. ఒక మనిషి చీకట్లో అట్లా పోవడం అంతకుముందు చూడలేదు. చెంబు బోర్లించి పెట్టి, వెనక తలుపు తీసుకుని, వాలు దిగి దొడ్డిలోకి పోయింది.

దొడ్డికి పోవడమే ఆమెకు ముఖ్యం. తెల్లవారకముందే లేచి, ఒక్కో గొర్రెపిల్లను దగ్గరికి తీసుకుని, కడుపు కింద చెయ్యి పెట్టి, పాలు తాగిందో లేదో చూసేది. తాగని పిల్ల ఉంటే దాని తల్లిని వెతికి పట్టుకుని పొదుగుకు పెట్టేది. చూపు పోయాక కూడా ఆ పని మానలేదు. ఆ పనికి కళ్లు అక్కరలేదు. దొడ్డిదాకా పోగలిగితే చాలు.

ఒక వానాకాలం ఇంటి వెనక గోడ కూలింది. మా కొడుకు జడ్చర్ల దగ్గర ఒక కంపెనీలో పని చేస్తాడు. ఇక మరమ్మతులు వద్దు, స్లాబ్ ఇల్లే కట్టుకుందామన్నాడు. పాత జాగాలోనే గోడలు లేచాయి, స్లాబ్ పడింది. ఇక నేల ఏం వేయాలన్నది మిగిలింది. నేను, మా ఆయన, మా కొడుకు నల్గొండకు పోయాం.

అప్పటికి నేను చదవడం నేర్చుకుని ఎక్కువ కాలం కాలేదు. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గనిపించి, జుట్టు నెరిసిన తర్వాత పలక పట్టాను. మొదట్లో అక్షరాలన్నీ నాకు ఒకే తీరుగా కనిపించేవి. అన్నీ గుండ్రాలే, అన్నింటికీ తలకట్లే. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, దీని కడుపులో చుక్క ఉంది, దీనికి తోక ఉంది అని పంతులమ్మ చూపించాక గానీ వాటికి మొఖాలు రాలేదు. మొఖాలు వచ్చాక మాత్రం నన్ను ఆపలేకపోయారు. ఆ రోజు బస్సు కిటికీలోంచి కనిపించిన ప్రతి బోర్డూ చదువుకుంటూ పోయాను. మా ఆయన విసిగి, "ఊరంత నువ్వే సదువుతావా, జర నాకు గింత ఇడువు" అన్నాడు. ఆయనకు చదువు రాదు.

టైల్స్ దుకాణంలోకి అడుగుపెట్టి చూస్తే, నేలలన్నీ నిలబడి ఉన్నాయి. గోడలకు ఆనించి వరసగా తెల్ల నేల, పచ్చ నేల, నల్ల మచ్చల గ్రానైటు, పాలరాయి. ఒకటి అచ్చం టేకు చెక్క లెక్క ఉంది. గీతలు, ముడులు కూడా ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఇంకోదాని మీద గులకరాళ్లున్నాయి. వేలితో రాస్తే ఒక్క రాయి కూడా తగల్లేదు, అంతా బొమ్మే. మనిషి టైలు మీద చెక్క బొమ్మను, గులకరాళ్ల బొమ్మను వేయగలడని నాకు తెలియదు. దేవుడు ఒక్కసారి చేసినదాన్ని వీళ్లు వెయ్యిసార్లు చేస్తున్నారనిపించింది. చెప్పులు బయట విడిచి వచ్చాను గానీ, కాళ్లు కూడా విడిచి రావాలేమో అన్నంత శుభ్రంగా ఉంది.

మా ఆయన మాత్రం బండల దగ్గర ఆగాడు. "తాండూరు బండలు ఏయిద్దాంరా. ఎండకాలం చాప లేకున్న పండుకోవచ్చు."

"ఊర్ల అందరి ఇండ్లల్ల టైల్సే నాయినా. మనొక్కళ్లమే బండలంటే నవ్వుతరు" అన్నాడు కొడుకు.

"నవ్వెటోళ్లు ఒచ్చి మనింట్ల పండుకుంటరా?"

"అమ్మా, నువ్వు చెప్పు."

నేను తెల్ల టైలు వైపు చూపించాను. అందులో నా మొఖం కనిపిస్తోంది. నేలలో మొఖం చూసుకోవడం నాకు అప్పటిదాకా నీళ్లలోనే తెలుసు. ఆయన కూడా వంగి అందులో తన మొఖం చూసుకున్నాడు, మీసం సర్దుకున్నాడు. ఇక బండల మాట ఎత్తలేదు.

పాత ఇంటి ముందరి అరుగు మీద, వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గర పరిచిన షాబాదు బండలను మాత్రం ఆయన పారేయనివ్వలేదు. ఎప్పటికైనా పనికొస్తాయని దొడ్డి గోడకు ఆనించి పెట్టాడు.

గృహప్రవేశం నాడు ముందుగా ఆవును ఇంట్లోకి తీసుకుపోవాలి. పక్కింటి ఆవును పసుపు కుంకుమలతో అలంకరించి తెచ్చాం. అది గడప దాటి ఒక్క అడుగు వేసింది. ముందరి కాళ్లు రెండూ చెరో వైపు జారాయి. కష్టపడి నిలదొక్కుకుని వెనక్కి తిరిగింది. ఎంత తోసినా రానంటుంది. చివరికి గోనె సంచులు తెచ్చి గడప నుంచి దేవుడి మూలదాకా పరిస్తే, వాటి మీద మెల్లగా నడిచింది. చుట్టాలందరూ నవ్వారు. కుర్చీలో కూర్చున్న అత్తకు ఏం జరిగిందో చెబితే ఆమె కూడా నవ్వింది. "గా ఆవుకు ఇల్లు నచ్చలేదే" అంది.

మరునాడు సంచులు తీసేశాం. అత్త మంచం దిగి నిలబడింది. కాలు ముందుకు జరిపింది, వెనక్కి తీసుకుంది. గోడ పట్టుకుని కొంచెం దూరం పోయి ఆగిపోయింది.

"ఏమైందత్తా?"

"గీ నేలకు మొకం లేదే పిల్లా. ఏడ పెట్టినా ఒక్కతీరుగనే ఉన్నది. నేనేడున్నో నాకే తెల్వది."

చేయి పట్టుకుని దొడ్డికి తీసుకుపోయాను. రోజూ తీసుకుపోతూనే ఉన్నాను. కానీ ఆమె లేచే వేళకు నేను పొయ్యి దగ్గరో, బావి దగ్గరో ఉండేదాన్ని. వచ్చేదాకా మంచం మీద కూర్చుని ఎదురుచూసేది. కొన్నాళ్లకు ఎదురుచూడటం కూడా మానేసింది. దొడ్డికి పోదాం రమ్మంటే, "నువ్వే జూడు, నాకు కాళ్లు నొస్తున్నయ్" అనేది. రెండు గొర్రెపిల్లలు నీరసపడి ఉన్నాయని చెప్పినా లేవలేదు. తినడం తగ్గింది. ఇంట్లోకి వచ్చినవాళ్లందరూ నేల ఎంత మెరుస్తోందని మెచ్చుకుంటుంటే ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. ఈ మనిషి ఇక మంచం దిగదేమో అన్న భయం పట్టుకుంది నాకు.

ఒక ఆదివారం కొడుకు ఇంట్లో ఉన్నాడు. తెల్లవారుతుంటే పెండ వాసనకు మెలకువ వచ్చింది. దొడ్డి తలుపు ఎవరో తీసి పెట్టారేమో అనుకుని లేచి చూస్తే, అత్త నేల మీద ఉంది. పక్కన తట్ట. ముందురోజు సాయంత్రం దొడ్డి గోడకు మెత్తడానికని నాతో పెండ, ఎర్రమన్ను కలిపించుకుని, తట్ట తన మంచం కిందే పెట్టమంటే పెట్టాను. ఆమె మంచం దగ్గర మొదలుపెట్టి, గోడను భుజంతో తడుముకుంటూ వెనక్కి జరిగి, వెనక తలుపుదాకా తెల్ల టైల్స్ మీద అలికేసింది. అర్ధచంద్రం పక్కన అర్ధచంద్రం, ఒక్కటి కూడా తప్పిపోలేదు. కళ్లున్న రోజుల్లో నాకు నేర్పినప్పుడు ఎట్లా ఉండేవో అట్లాగే ఉన్నాయి. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు నాకు.

కొడుకు లేచి వచ్చాడు. "ఏంది అవ్వా గిది! టైల్స్ మీద పెండ అలుకుతరా ఎవరన్న?"

"ఇల్లు గట్టిండ్రు, పాలు పొంగిచ్చిండ్రు, ఒక్కరన్న అలికిండ్రా? అలుకని ఇల్లు ఇల్లెట్లైతదిరా?"

"గీ నేల మాప్ పెట్టి తుడిచేది!"

"తుడువుపో మరి. జర ఆరినంక తుడువు."

ఫ్యాన్ వేసి, అది ఆరేదాకా అందరం మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. ఆరాక అత్త లేచింది. గోడ పట్టుకోలేదు. గరుకుగా ఉన్న దాని మీద పాదం ఆనించి, అంచు దాటితే జారుడు తగిలి మళ్లీ లోపలికి తీసుకుంటూ, నెమ్మదిగా నడిచి వెనక తలుపు చేరింది. కొడుకు చేతిలో బకెట్ ఉంది. దాన్ని కింద పెట్టేశాడు.

మధ్యాహ్నానికే పెండ అప్పడాల లెక్క లేచిపోయింది. టైలు నీళ్లు తాగదు. తాగని నేలను అలుకు పట్టుకోదు. సాయంత్రానికి నేల మళ్లీ మెరిసింది, అత్త మళ్లీ మంచం మీదికి చేరింది. కొడుకు వాకిట్లో చాలాసేపు తిరిగాడు. తర్వాత దొడ్డి గోడకు ఆనించిన బండల దగ్గరికి పోయి, ఒకదాన్ని కిందికి దించి, చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాడు.

వారం తిరగకముందే వాడే మేస్త్రీని తీసుకువచ్చాడు. అత్త మంచం నుంచి వెనక తలుపుదాకా ఒక వరస టైల్స్ తీసి, పాత షాబాదు బండలు వేయాలన్నాడు. మేస్త్రీ ముఖం చిట్లించాడు. "కొత్తింట్ల గిట్ల ఏస్తే అతుకుల బొంత లెక్క అయితది సారూ. బండ మందం. నేల కంటే జర లేస్తది కూడ."

"లేవనీ" అంది అత్త మంచం మీది నుంచి. "అంచు తెలుస్తది. బొంత అంటే తప్పేందిరా? నువ్వు చిన్నప్పుడు బొంతల పండుకోలేదా?"

మేస్త్రీ నవ్వి కట్టర్ తీశాడు. ఇల్లంతా తెల్ల దుమ్ము లేచింది. బండలు ఒక్కొక్కటి తెచ్చి అత్త కాళ్ల ముందు పెట్టాం. ఆమె ప్రతి దాని మీదా అరికాలు ఆనించి చూసింది. నున్నగా అరిగిన అరుగు బండను మంచం దగ్గర వేయమంది. నీళ్ల తొట్టి దగ్గరిది, నీళ్లు పడి పడి గుంటలు పడినది, మలుపులో పెట్టమంది. ఒక దాని మీద చాలాసేపు ఆగింది.

"గిది మీ మామ కూసునేది. గంతే సల్లగున్నది."

"అది తొట్టి పక్కదవ్వా" అన్నాడు మా ఆయన.

"నీకేమెరుక? తలుపు కాడ పెట్టుండ్రి."

తలుపు దగ్గరే పెట్టాం. దాని మీద ఉలి గాట్లు గరుకుగా ఉన్నాయి. అవి దాటితే గడప అని తెలుస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఆ వరసను తనకు కావలసినట్టు రాయించుకుంటోందని నాకు అప్పుడు అర్థమైంది. తిరగాల్సిన చోట గుంటలు, ఆగాల్సిన చోట గరుకు. నేను పంతులమ్మ వేలు పట్టుకుని నేర్చుకున్నదాన్ని ఆమె అరికాలితో చేస్తోంది. సిమెంటు ఆరేదాకా దాని మీద ఎవరూ నడవొద్దని మేస్త్రీ చెబితే, అత్త ఆ రోజులన్నీ పండుగకు ఎదురుచూసే పిల్లలాగా, ఆరిందా, ఆరిందా అని అడుగుతూనే ఉంది.

ఆరింది. పొద్దున ఇంకా మసక మసకగా ఉంది. అత్త మంచం దిగే చప్పుడు విని నేను లేచాను. పిలవలేదు. రెండు చేతులూ చాచి, పడితే పట్టుకోవడానికి వెనకే నడిచాను. ఆమె నున్నటి బండ మీద నిలబడింది, కొంగు సర్దుకుంది. తర్వాత నడిచింది. మలుపు దగ్గర గుంటల బండ మీద పాదం ఒక్క క్షణం ఆగింది, వేళ్లు కదిలాయి, పక్కకు తిరిగింది. ఇరువైపులా తెల్ల టైల్స్ చెరువు లెక్క మెరుస్తున్నాయి. వాటి మధ్య ఆ నల్లటి, అరిగిన బండల మీద ఆమె గోడ వైపు చెయ్యి కూడా చాచకుండా పోతోంది. ఆఖరి బండ మీద ఆగి, గడియ తీసింది. దొడ్డి వాసన లోపలికి వచ్చింది. గొర్రెపిల్లలన్నీ ఒక్కసారిగా అరిచాయి.

నా చేతులు ఇంకా చాచే ఉన్నాయి. అత్త వెనక్కి తిరగకుండానే అంది:

"ఎన్కెన్క ఎందుకొస్తున్నవే పిల్లా? పోయి పొయ్యి ముట్టియ్యి."