వాలిన నేల మీద గడియారం

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఆగస్టులో, నన్ను తోటపల్లి గూడూరు వైపు ఒక రైతు ఇంటికి పంపారు. నెల్లూరులో ఒక గడియారాల దుకాణం సర్వీసు విభాగంలో నేను సీనియర్ మెకానిక్‌ని. నిలువెత్తు గడియారాలు విప్పడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది.

రైతు పేరు శేషయ్య. ఇంట్లో ఆయన, భార్య కోటమ్మ. వెనక గోడకు ఆనించి నిలబెట్టిన గడియారం రోజూ ఆగిపోతోందన్నారు. లోలకాన్ని వేలాడదీసే సన్నని స్ప్రింగు రేకు ఉప్పుగాలికి తుప్పు పట్టింది. కొత్తది వేశాను. లోలకం గుండు కింద ఒక మర ఉంటుంది. దాన్ని పైకి తిప్పితే గడియారం వేగం పెరుగుతుంది, కిందికి తిప్పితే తగ్గుతుంది. అదీ సరిచేశాను. చివరగా చూడాల్సింది చప్పుడు. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా లేకపోతే లోలకం కాసేపటికి ఆగిపోతుంది. గడియారం పెట్టె ఒక పక్కకు ఒరిగినా అంతే. వాలు చూపించే రసమట్టం పెట్టి చూసి, పెట్టె ఎడమ కాలి కింద పలచని చెక్క ఉంచాను.

అక్టోబరులో మళ్లీ పిలిచారు. చెక్క కదల్లేదు గానీ చప్పుడు మళ్లీ కుంటుతోంది. రసమట్టంలో బుడగ ఇంకా పక్కకు జరిగింది. గోడకు మోకాలెత్తున చెమ్మ. గోడ అవతల, పక్క పొలంవాళ్లు కొత్తగా రొయ్యల గుంట తవ్వించారు. నేల దిగుతోందని నాకు అర్థమైంది.

"ఏందన్నా, లోపం గడియారంలోనేనా?" అని శేషయ్య అడిగాడు.

పాత గడియారాలకు ఇది మామూలేనని చెప్పాను. గోడ సంగతి ఎత్తితే పక్కవాళ్లతో తగాదా, మధ్యలో నేను సాక్షి. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఇంకో చెక్క దూర్చి, సర్వీసు కాగితం మీద సంతకం చేయించుకుని వచ్చేశాను.

నవంబరు వానలకు ఆ గోడ కూలింది. దాని పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న కోటమ్మ చనిపోయింది.

శేషయ్య ఆమె చెల్లెలి ఇంట్లో ఉన్నాడని తెలిసి పరామర్శకు వెళ్లాను.

"ఇల్లు ఒరిగిందేమో, కొన్నాళ్లు ఈడికొచ్చి ఉందామని కోటమ్మ ఒకటే పోరింది. మెకానిక్కన్న చూసిపోయినాడు, మామూలేనంట, భయపడమాక అని నేనే చెప్పినానన్నా" అన్నాడు.

తెలిసే చెప్పలేదని అప్పుడు ఒప్పుకున్నాను. ఆయన లేచి లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు.

తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ, నా పని కాకపోయినా, కంటబడిన లోపాన్ని కాగితం మీద రాసి ఇంటివాళ్లకు చదివి వినిపించేవాణ్ణి. మెకానిక్ మాట నమ్మి మనుషులు ఇళ్లలో ఉండిపోతారని తెలియడానికి నాకు అన్నేళ్ల ఉద్యోగం చాలలేదు. కోటమ్మ పోవాల్సి వచ్చింది.