బియ్యం నిండుకున్నాయి

ఇవాళ బియ్యం డబ్బాలో గ్లాసు వేస్తే అడుగున గీసుకున్న చప్పుడైంది. ఆ చప్పుడుకి ఈ వయసులోనూ సిగ్గుతో నా ముఖం వేడెక్కింది.

మీ అమ్మలు కూడా బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనే కదా అనేవారు? ఆ మాటకి అర్థం తెలియని వయసు నాది. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఉండేవాళ్ళం. ఓ పొద్దున అమ్మ నాన్నతో మెల్లగా, "బియ్యం నిండుకున్నాయి" అంది. డబ్బా నిండిందనుకుని సంబరపడ్డాను.

మధ్యాహ్నం ఎలమంచిలి నుంచి మావయ్య వచ్చాడు. తమ్ముడి దగ్గర అమ్మ ఎప్పుడూ మాకేం లోటు లేదనే చెప్పేది. టీ తాగి లేచిన మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాను.

"అన్నం తినేసెల్లు మావయ్యా. మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయంట, అమ్మే సెప్పింది!"

అమ్మ తల వాలిపోయింది. మావయ్య నా తల నిమిరాడు.

"ఆకలి నేదమ్మా. రైల్లోనే తినీసినాను."

అమ్మ వంటగదిలోకి వెళ్ళి కొంగుతో ముఖం కప్పుకుంది. నేనేం తప్పన్నానో తెలియక మావయ్య వెంట గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన చెప్పులు వేసుకుంటూ మంచినీళ్ళడిగాడు. చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసి, ఇంకో చెంబు తెమ్మన్నాడు.